జెట్టి ఈశ్వరీబాయి

జెట్టి ఈశ్వరీబాయి (1918 డిసెంబరు 1 – 1991 ఫిబ్రవరి 24) సికింద్రాబాద్ చిలకలగూడలో దళిత కుటుంబంలో పుట్టి, మున్సిపల్ కౌన్సిలర్‌గా మొదలై, ఎల్లారెడ్డి నుంచి రెండుసార్లు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికైన నాయకురాలు. ఆమెను 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో జైలుకెళ్లిన నేతగా తలచుకోవడం పరిపాటి. అది నిజమే గాని అంతటితో ఆపితే, ఆమె గొంతుకు బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పెళ్లయి పుణె వెళ్లిన ఆమె, భర్తను పోగొట్టుకుని పుట్టిన ఊరికి తిరిగివచ్చి, టీచరుగా పనిచేస్తూ బతుకు నెట్టుకొచ్చారు. చిలకలగూడలో గీతా విద్యాలయం పెట్టారు. బస్తీ ఆడవాళ్లకు కుట్టుపని, చేతిపనులు నేర్పించారు. అంబేడ్కర్ బాటలో నడిచిన రిపబ్లికన్ పార్టీకి రాష్ట్రంలో పెద్ద దిక్కయ్యారు. ఆమె రాజకీయానికి పునాది ఈ బస్తీ పనే.

1967లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా ఆమె ఎల్లారెడ్డిలో ఓడించింది అంతకుముందు మంత్రిగా చేసిన కాంగ్రెస్ నేత టి.ఎన్. సదాలక్ష్మిని. ఎస్సీ రిజర్వుడు స్థానం కాబట్టి కులం ఓట్లే గెలిపించాయనే వాదన ఇక్కడ నిలవదు. పోటీపడిన ఇద్దరూ దళిత మహిళలే. ఓటర్లలో ఎక్కువమంది దళితేతరులు. రెండోసారి ఉద్యమ గాలి గెలిపించిందన్నా అంతే. ఆ ఉద్యమాన్ని నడిపిన తెలంగాణ ప్రజాసమితి 1971లో 10 లోక్‌సభ స్థానాలు గెలిచి కాంగ్రెస్‌లో కలిసిపోయాక, కలవనివాళ్లు సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితిగా 1972లో పోటీచేస్తే గెలిచింది ఈశ్వరీబాయి ఒక్కరే. గాలి తగ్గాక కూడా నిలిచిన ఆ ఓటు ఆమె సొంతం.

ఆమె పేరు మీద చట్టాలేవీ అన్న ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. అయితే 1967 సభలో 287 మందిలో కాంగ్రెస్‌వాళ్లు 165 మంది, 1972లో 219 మంది. ఒక ప్రతిపక్ష సభ్యురాలు బిల్లు నెగ్గించుకునే పరిస్థితి అక్కడ లేదు. ఆమె చేతిలో ఉన్నవి ప్రశ్న, చర్చ. దళితుల, ఆడవాళ్ల, మురికివాడల గోడును ఆమె సభలో గట్టిగా వినిపించారు. అధికార పక్షంలో చేరి ఉంటే పదవి దక్కేదేమో గాని, మంత్రులను నిలదీసే ఆ స్వేచ్ఛ ఉండేది కాదు. శాసనసభ్యుల పనిని చట్టాల లెక్కతోనే కొలిస్తే ప్రతిపక్షమనేదానికే విలువ ఉండదు. ఆ కొలతతో ఈశ్వరీబాయిని తక్కువ చేయడం అన్యాయం.

ఆమె కూతురు జె. గీతారెడ్డి తరువాత శాసనసభ్యురాలిగా, మంత్రిగా పనిచేశారు.