స్పోర్ట్స్ ఎమ్మీ పురస్కారాలు

అమెరికాలో జాతీయ స్థాయిలో ప్రసారమయ్యే క్రీడా కార్యక్రమాలకు, వాటి వెనుక పనిచేసేవారికి ఏటా ఇచ్చే పురస్కారాలు స్పోర్ట్స్ ఎమ్మీలు. న్యూయార్క్ కేంద్రంగా ఉన్న నేషనల్ అకాడమీ ఆఫ్ టెలివిజన్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ వీటిని ప్రదానం చేస్తుంది. మైదానంలో గెలుపోటములతో వీటికి పనిలేదు. వ్యాఖ్యాత, దర్శకుడు, కెమెరామన్, శబ్దగ్రాహకుడు, గ్రాఫిక్స్ నిపుణుడు మొదలైనవారి పనినే ఇవి తూకం వేస్తాయి.

ఎమ్మీ పురస్కారాలు 1949 జనవరి 25న లాస్ ఏంజిలిస్‌లో మొదలయ్యాయి. తొలి రోజుల్లో అవి ఆ నగరపు కార్యక్రమాలకే పరిమితం. 1950 సంవత్సరానికి రామ్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటలను చూపిన కె.ఎన్.బి.హెచ్. స్టేషన్‌కు ఉత్తమ క్రీడా ప్రసారం బహుమతి దక్కింది. ఆ తర్వాత చాలాకాలం క్రీడలు ఎమ్మీ జాబితాలో ఓ మూలనే ఉండిపోయాయి.

ఈ పరిస్థితిని మార్చినవారిలో ఎ.బి.సి. టెలివిజన్ సంస్థ నిర్మాత రూన్ ఆర్లెడ్జ్ ముఖ్యుడు. కెమెరాను బంతితోపాటు ప్రేక్షకుల ముఖాల మీదికీ, శిక్షకుల ఆందోళన మీదికీ తిప్పించాడు. మైదానపు చప్పుళ్లను మైకులతో పట్టించాడు. 1961లో ఆయన ఆధ్వర్యంలో మొదలైన క్రీడా కార్యక్రమం వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్‌కు జిమ్ మెకే వ్యాఖ్యాత. 1968లో ఎమ్మీ అందుకున్న మెకే, ఆ గౌరవం పొందిన తొలి క్రీడా వ్యాఖ్యాత. ఆర్లెడ్జ్ జీవితకాలంలో గెలుచుకున్న ఎమ్మీలు 37.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్ క్రీడా ప్రసారకుడి బాధ్యతకే కొత్త అర్థం చెప్పాయి. సెప్టెంబరు 5న మెకేకు సెలవు. ఇజ్రాయెల్ క్రీడాకారులను ఉగ్రవాదులు బందీలుగా పట్టుకున్నారన్న కబురు అందగానే తడిసిన ఈత దుస్తుల మీదే ప్యాంటు వేసుకుని స్టూడియోకు పరుగెత్తాడు. గంటల తరబడి కెమెరా ముందు కూర్చుని, చివరకు 11 మంది ఇజ్రాయెలీలు చనిపోయారన్న వార్తను ఊహాగానాలకు తావివ్వకుండా, నిబ్బరం కోల్పోకుండా దేశానికి చెప్పాడు. దానికి క్రీడా విభాగంలో ఒకటి, వార్తా విభాగంలో ఒకటి చొప్పున ఆయనకు రెండు ఎమ్మీలు దక్కాయి. ఈ పురస్కారాల చరిత్రలో ఇంతకంటే అర్హమైన ఎంపికను చూపడం కష్టం.

1977లో హాలీవుడ్ వర్గం అకాడమీ నుంచి విడిపోయింది. ప్రైమ్‌టైమ్ ఎమ్మీలు అటు వెళ్లగా, క్రీడలు, వార్తలు, పగటి కార్యక్రమాలు న్యూయార్క్ సంస్థకు మిగిలాయి. 1979 ప్రసారాలకు 1980లో క్రీడా ఎమ్మీలను విడిగా ఇవ్వడం మొదలైంది. క్రమంగా రచనకు డిక్ షాప్ పేరిట, సాంకేతిక ఆవిష్కరణకు జార్జ్ వెన్సెల్ పేరిట పురస్కారాలు ఏర్పడ్డాయి. జీవితకాల సాఫల్య పురస్కారాన్ని మహిళ అందుకోవడానికి మాత్రం 2020 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె లెస్లీ విస్సర్.

సాంకేతిక విజేతల్లో స్పోర్ట్‌విజన్ సంస్థ రూపొందించిన పసుపు గీత ప్రత్యేకమైనది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడి చేసే జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు సాగాలి. ఎక్కడిదాకా చేరాలో టీవీ చూసేవారికి తెలిసేది కాదు. 1998 సెప్టెంబరు 27న ఇ.ఎస్.పి.ఎన్. క్రీడా ఛానెల్ ప్రసారంలో ఆ హద్దు తెరపై పసుపు గీతగా కనిపించింది. కెమెరా ఎంత తిరిగిందో, ఎంత జూమ్ అయిందో సెన్సర్లు చెబుతుంటే, మైదానపు నమూనా ఆధారంగా కంప్యూటర్లు గీతను వేసేవి. గడ్డి రంగు ఉన్నచోటే గీత పడుతుంది కాబట్టి ఆటగాడు దాటినప్పుడు అది అతని కాళ్ల కిందే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఎంట్రీలను ఆ రంగంలోనివారే పరిశీలించి విజేతలను నిర్ణయిస్తారు. సంస్థలు పంపే పేర్ల జాబితాను నమ్మడమే ఈ పద్ధతిలోని బలహీనత. స్టూడియో కార్యక్రమానికి బహుమతి వస్తే, తెరపై కనిపించేవారికి అందులో వాటా ఉండరాదని ఒకప్పుడు నియమం ఉండేది. వారికి విడిగా వ్యక్తిగత విభాగాలున్నాయి. ఇ.ఎస్.పి.ఎన్.లో కొందరు లేని మనుషుల పేర్లు పంపి, వచ్చిన ప్రతిమలపై అసలు పేర్లు చెక్కించి వ్యాఖ్యాతలకు ఇచ్చారు. కల్పిత పేర్లలో కొన్నింటి పొడి అక్షరాలు వ్యాఖ్యాతల పేర్లతో సరిపోయేలా ఉన్నాయి. ది అథ్లెటిక్ పత్రిక 2024 జనవరిలో ఈ సంగతి బయటపెట్టింది. అలా చేరిన ప్రతిమలు 30కి పైనే. తెరపై కనిపించేవారిని అనర్హులను చేసిన నియమాన్ని అకాడమీ 2023లోనే మార్చింది. కల్పిత పేర్లతో పొందిన ప్రతిమలను ఇ.ఎస్.పి.ఎన్. తిరిగి ఇచ్చేసి, క్షమాపణ చెప్పింది.