పద్మనాభయుద్ధానంతర సంధి: విజయనగరం, మన్యం జమీందార్లు, కంపెనీ ప్రభుత్వం

వ్యాససంగ్రహం:
1794 జులై 10న జరిగిన పద్మనాభయుద్ధం ఉత్తరాంధ్ర చరిత్రలో ప్రసిద్ధం. ఆ తరువాత ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికీ, మృతుడైన రాజు కుమారుని పక్షాన నిలిచిన మన్యం జమీందార్లకూ మధ్య సాగిన సంప్రదింపులకు మాత్రం తగిన ప్రాధాన్యం దక్కలేదు. ఈ ప్రాంత రాజకీయస్వరూపాన్ని నిర్ణయించినవి ఆ సంప్రదింపులేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పద్మనాభం, పూసపాటివారు, మన్యం జమీందార్లు, కౌలు, పేష్కషు, ఏజెన్సీ.

ఉపోద్ఘాతం:
మన సాహిత్యస్మృతిలో యుద్ధానికి దొరికిన చోటు సంధికి దొరకలేదు. 1757 నాటి బొబ్బిలియుద్ధం దిట్టకవి నారాయణకవి చేతిలో 'రంగరాయచరిత్ర' అయింది. జంగంకథగా ఊరూరా తిరిగింది. పద్మనాభం కూడా వీరగాథగానే నిలిచింది. రాజు రణరంగంలో ఒరగడంతో కథ ముగుస్తుంది. చరిత్ర అక్కడ ముగియలేదు. కథకుడు ఆగినచోట పరిశోధకుడు కూడా ఆగిపోవడం సమంజసం కాదు.

యుద్ధానికి దారితీసిన పరిస్థితులు:
1765 నాటి మొగలు ఫర్మానాతోనూ, ఆపైన నిజాంతో కుదిరిన ఒడంబడికలతోనూ ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. అయితే విశాఖపట్నం ప్రాంతంలో వాస్తవాధికారం పూసపాటివారిదే. కొండల అంచునున్న చిన్న సంస్థానాలను వారు ఒక్కొక్కటిగా లోబరచుకున్నారు. విజయనగరం సేన పన్నెండువేలకు మించి ఉన్నదని 1784లో సర్క్యూట్ కమిటీ నివేదించింది. పన్ను వసూలుచేసి తమకు కట్టవలసినవాడికి అంత సైన్యం ఎందుకన్నది కంపెనీ ప్రశ్న. సైన్యం లేనిదే మన్యంలో పన్ను ఎలా రాలుతుందన్నది దివాణం వాదం. నా దృష్టిలో అసలు తగవు ఇదే. పేష్కషు బకాయిలు దానికి దొరికిన లెక్క.

1793 ఆగస్టులో జమీందారీ జప్తయింది. నెలకు 1,200 రూపాయల భరణం పుచ్చుకొని మచిలీపట్నంలో ఉండవలసిందని రెండవ విజయరామరాజును ఆదేశించారు. ఆయన మచిలీపట్నం పోలేదు. విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమనున్న పద్మనాభంలో విడిదిచేశాడు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన తెల్లవారుజామున దాడిచేసింది. గంటలోపే ముగిసిన ఆ పోరులో రాజుతోపాటు ఆయన అనుచరులు మూడు వందలకు పైగా మరణించారు. వారిలో రాచకుటుంబాల ప్రముఖులు అనేకులు.

కూటమి, సంప్రదింపులు:
రాజకుమారుడు నారాయణబాబు అప్పటికి బాలుడు. అతన్ని కొండదిక్కుకు తరలించగా, మక్కువ ప్రాంతంలో మన్యం జమీందార్లు ఆశ్రయమిచ్చారు. కిస్తులు వసూలుచేసుకోవడం కూడా మొదలుపెట్టారు. ఇక్కడ ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటున్నది. ఆ జమీందార్లలో పలువురు విజయనగరం చేతిలో తమ గడ్డ పోగొట్టుకున్నవారు. తమను అణచినవాని కొడుకును వారెందుకు కాపాడినట్లు? స్వామిభక్తి అని సరిపెట్టుకోవడం తేలిక. బాలుని పేరు తమ వెనుక ఉన్నంతకాలం తమ వసూళ్లు దోపిడీ అనిపించుకోవనీ, కంపెనీతో బేరమాడడానికి అంతకు మించిన పెట్టుబడి వారికి లేదనీ నేను భావిస్తున్నాను. భక్తి లేదని కాదు. భక్తికి తోడు లెక్క కూడా ఉన్నది.

కంపెనీకీ చిక్కులున్నాయి. మైదానంలో గంటలో తేలిన పోరు మన్యంలో అలా తేలదు. దారులు లేవు, మన్యపు జ్వరం ఉన్నది, చేతికి రావలసిన కిస్తులు ఆగిపోతున్నాయి. అందుచేత మద్రాసు ప్రభుత్వం తుపాకి పక్కనబెట్టి మాటకు దిగింది. అయితే కూటమితో కూటమిగా మాట్లాడలేదు. నారాయణబాబుకు తండ్రి జమీందారీని తగ్గించి ఇచ్చింది. కొండసంస్థానాలను విజయనగరం పెత్తనం కిందనుంచి తప్పించి, ఎవరి గడ్డ వారికిచ్చి, ఎవరి పేష్కషు వారే నేరుగా కంపెనీకి కట్టేటట్లు ఏర్పాటుచేసింది. కురుపాం, మేరంగి, సాలూరు వంటివి ఆ విధంగా వేరుపడ్డాయి. పూసపాటివారికి చిరకాల ప్రత్యర్థి అయిన బొబ్బిలి కూడా 1794లోనే చినరంగారావుకు తిరిగి దక్కింది. అడిగినవారికి అడిగినది దొరికింది. దానితో కూటమికి పని లేకపోయింది. 1802 శాశ్వత పరిష్కారం నాటికి విజయనగరం 24 పరగణాలు, 1157 గ్రామాలు, 5 లక్షల పేష్కషుతో ఒక పెద్ద జమీందారీ మాత్రమే. పొరుగు జమీందార్లను శాసించగల రాజ్యం కాదు.

కౌలు అనే మాట:
ఈ సంధికి సాధనం కౌలు. అరబ్బీలో 'ఖౌల్' అంటే పలుకు, ఇచ్చిన మాట. లొంగివచ్చినవానికి ప్రాణానికీ ఆస్తికీ హాని జరగదని ప్రభుత్వం రాసి ఇచ్చే అభయపత్రం కూడా ఆనాడు కౌలే. నిర్ణీతమైన శిస్తుకు భూమి అనుభవించడానికి ఇచ్చే పత్రమూ కౌలే. అంటే క్షమాభిక్షకూ పన్ను ఒప్పందానికీ ఒకే మాట. నేటి తెలుగులో రెండవ అర్థం మాత్రమే మిగిలింది. కౌలురైతు అన్నప్పుడు అందులో ఒకనాటి అభయం ఎవరికీ వినపడదు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో నోటిమాట మీద, కాగితం లేకుండా భూమి దున్నుకొనే కౌలుదారులెందరో ఉన్నారు గనుక ఈ అర్థపరిణామం భాషాశాస్త్రానికి మాత్రమే సంబంధించినది కాదు.

సంధి నిలిచిన కాలం:
జమీందార్లతో కుదిరిన ఈ ఏర్పాటులో వారికింద ఉన్న ముఠాదారులకుగాని, కొండరైతులకుగాని చోటు లేదు. కిస్తు తప్పినచోట మళ్లీ జప్తులు వచ్చాయి. వారసత్వపు తగవులు వాటికి తోడయ్యాయి. వీరభద్రరాజు, పాయకరావుల తిరుగుబాట్లతోనూ, పాలకొండ, పర్లాకిమిడి అలజడులతోనూ 1830 ప్రాంతానికి మన్యమంతా మళ్లీ రగిలింది. 1832లో మద్రాసు ప్రభుత్వం జార్జి రసెల్‌ను ప్రత్యేక కమీషనరుగా పంపింది. ఈసారి విడివిడి కౌళ్లతో సరిపెట్టలేదు. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధినుంచి తొలగించి, కలెక్టరును ప్రభుత్వ ఏజెంటుగా నియమించింది. మన్యానికి ఏజెన్సీ అన్న పేరు అప్పటినుంచి వచ్చినదే.