గోదావరి సీమలో ప్రూఫు యంత్రము

ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు, రాజధానిని గాని పెద్దపట్టణమును గాని ఆశ్రయింపక, స్వగ్రామమగు ఇనుగుర్తియందే ముద్రాలయమును నడపి 1922లో ‘తెనుగు’ వారపత్రికను వెలువరించిననాడు, ఖమ్మమును ఇనుగుర్తివలెనే నిజాము రాజ్యపు వరంగల్లు జిల్లాలోని భాగము. గోదావరి కావలి భద్రాచలము మదరాసు ప్రభుత్వపు టేలుబడిలోనిది. ఆ నదీతీరముననే దిగువను రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు స్వంత ముద్రాలయము నెలకొల్పి యప్పటికే దశాబ్దములు గడచియుండెను. నిజాము రాజ్యమున తెలుగునకు రాజాదరణ లేని కాలములో నొక పల్లెనుండి పత్రిక వెలువడుట సామాన్యకార్యము కాదు. ఆ సాహసమును కీర్తించు చరిత్రకారులు యంత్రములను కాపాడిన శ్రమను ప్రస్తావించుట యరుదు; అది నాకు లోపముగనే తోచును.

ఏ అచ్చుకూటమునందైనను తప్పొప్పులు తేలునది ప్రూఫు యంత్రముకడనే. సమతలమగు ఇనుపబల్ల, దానిపై చేతితో దొరలించు బరువైన స్తూపము: నిర్మాణ మింతియే. కాని బల్ల నలుమూలల మట్టము సరిచూడక నిలిపినచో ఒకప్రక్క అక్షరములు కాగితమును చీల్చును, వేరొకప్రక్క అసలే పడవు. సీసపు టక్షరము నిలువెత్తు 0.918 అంగుళము, కూర్చిన మేటరును గ్యాలీ యను రేకుపళ్లెముతో సహా బల్లపై నుంచినపుడు గ్యాలీరేకు మందమును కూడ లెక్కింపవలెను. తెలుగున నీ జాగ్రత్త మఱింత యవసరము: ద, ధలకును, డ, ఢలకును భేదము క్రిందనుండు చిన్న గీత యొక్కటే, అది సిరాతో పూడినను, అరిగి పడకున్నను, దిద్దువాని కన్ను మోసపోవును.

సిరా పూయు రోలర్లను పూర్వము సరేసును, బెల్లపు పాకమును కాచి పోతపోసెడివారు. అడవి యంచున వానకాలపు చెమ్మ నవి పీల్చుకొని యుబ్బి జిగటలగును. గోదావరి సీమ వేసవి యెండ సుప్రసిద్ధము, అప్పుడవి ఆరి గట్టిపడి పగుళ్లుదేరును. కావున ఋతువును బట్టి పాకమును మార్చుటయు, అరిగినవానిని కరగించి మరల పోయుటయు తప్పనిసరి. పని ముగియగనే కిరసనాయిలుతో అక్షరములను కడిగి యారబెట్టుట, బల్లకు పలుచగా నూనె పూయుట, ఆ చెమ్మదేశమున నొక్కపూటయు మానరాని నియమములు. తుప్పు గుంటలు చేసిన బల్లపై నెన్ని కాగితములు అడుగున పెట్టినను అచ్చు సమముగా పడదు.

1953లో ఖమ్మము జిల్లా యేర్పడెను. 1959లో భద్రాచలము దానిలో చేరెను. ఎల్లలవలెనే అచ్చుపనియు మారినది: ఆఫ్సెట్టు ముద్రణము వచ్చిన పిదప సీసపు టక్షరములు తూకమునకు పోయినవి. ఇప్పుడెవరైన అట్టి పాతయంత్రమును మరల నిలుపదలచినచో, రంగులు వేయుటకుముందు బల్ల మట్టమును, స్తూపము అంచులను పరీక్షింపవలెను. స్తూపమున సొట్ట పడియున్న చోటు ప్రతి ప్రూఫునందును అదేవిధముగ కనిపించును.