రాబడి పంట, నేరపు పంట, నొప్పి మందు

1850 ప్రాంతంలో వాల్టర్ షెర్విల్ అనే ఆంగ్ల సైనికాధికారి పాట్నా నల్లమందు ఫ్యాక్టరీ లోపలి దృశ్యాలను బొమ్మలుగా గీశాడు. ఒక గదిలో పనివాళ్లు బారులు తీరి కూర్చుని, గిన్నెల్లో గసగసాల పూరేకులు పొరలు పొరలుగా పరిచి, మధ్యలో నల్లమందు ముద్ద పెట్టి ఉండలు చుడుతుంటారు. నిల్వ గదిలో నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, వాటి నిండా ఆ ఉండలే. బూజు పట్టకుండా, పురుగు చేరకుండా ఒక్కొక్క దాన్నీ తిప్పి చూడటం అక్కడి కుర్రవాళ్ల పని. ఆరిన ఉండల్ని పెట్టెకు నలభై చొప్పున సర్ది గంగ మీదుగా కలకత్తాకు పంపేవారు. అక్కడ వేలం. వేలంలో కొన్న వర్తకులు సరుకును చైనాకు చేరవేసేవారు. చైనాలో చక్రవర్తి 1729లోనే నల్లమందు అమ్మకాన్ని నిషేధించాడు. అందుకే ఈస్టిండియా కంపెనీ తన సొంత ఓడల్లో ఆ సరుకు ఎక్కించకుండా, దొంగరవాణా అంతా ప్రైవేటు వర్తకులకు వదిలేసింది. అంటే ఒకే పెట్టె కలకత్తా రేవులో సర్కారు ముద్ర ఉన్న సరుకు, కాంటన్ తీరంలో దొంగ సరుకు.

ఈ వ్యాపారానికి పునాది వేసింది వారన్ హేస్టింగ్స్. 1773లో బెంగాల్, బీహార్ నల్లమందు కొనుగోలును కంపెనీ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. తర్వాత పాట్నా, బెనారస్ ఏజెన్సీలు ఏర్పడ్డాయి. బెనారస్ ఏజెన్సీకి ఘాజీపూర్ కేంద్రమైంది. రైతుకు ముందే బయానా ఇచ్చి గసగసాలు వేయించేవారు. పండిన నల్లమందు అంతా ఏజెంటుకే, అతను కట్టిన ధరకే అప్పగించాలి. ఆ ధర సాగు ఖర్చులకు కూడా సరిపోయేది కాదు. అయినా బయానా అప్పు మెడకు చుట్టుకుని ఉండటంతో రైతు ఆ పంట మానలేకపోయేవాడు. గుప్పెడు నల్లమందు ఇంట్లో దాచుకున్నా, బయటివాళ్లకు అమ్మినా నేరం. 1857, 1878 చట్టాలు ఈ కట్టడిని మరింత బిగించాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ చట్టాలు పట్టుకోవాలనుకున్నది ప్రధానంగా ఖజానాకు చేరకుండా జారిపోయిన సరుకును. తినేవాడి ఆరోగ్యం గురించిన బెంగ వాటిలో వెతికినా కనిపించదు. పన్ను కట్టి లైసెన్సు దుకాణంలో కొంటే తప్పు లేదు, పన్ను ఎగ్గొడితే జైలు. పందొమ్మిదో శతాబ్దంలో ఒక దశలో బ్రిటిష్ ఇండియా రాబడిలో ఆరేడో వంతు నల్లమందుదే. అంత ఆదాయాన్ని ఏ ప్రభుత్వం తేలిగ్గా వదులుకుంటుంది?

1839లో చైనా రాజప్రతినిధి లిన్ జెషూ ఇరవై వేలకు పైగా పెట్టెల నల్లమందును స్వాధీనం చేసుకున్నాడు. హ్యూమెన్ తీరాన గోతులు తవ్వించి, ఉప్పు, సున్నం కలిపిన నీళ్లలో దాన్ని కరిగించి సముద్రంలోకి వదిలాడు. బ్రిటన్ యుద్ధానికి దిగింది. 1842 నాటి నాన్‌కింగ్ సంధితో హాంకాంగ్‌ను చేజిక్కించుకుంది. రెండో నల్లమందు యుద్ధం నడుస్తుండగానే, 1858లో, చైనా ఆ దిగుమతిని చట్టబద్ధం చేయాల్సి వచ్చింది. అదే బ్రిటన్ 1868లో తన గడ్డ మీద మాత్రం ఫార్మసీ చట్టం తెచ్చి, నల్లమందు అమ్మకాన్ని మందుల దుకాణాలకు పరిమితం చేసింది. సీసా మీద విషమని రాయాలన్నది.

ఈ అన్యాయం మీద ఇక్కడా గొంతులు లేచాయి. ఇరవై ఏళ్ల రవీంద్రనాథ్ ఠాగూర్ 1881లో చైనాకు సాగుతున్న ఈ మరణ వ్యాపారాన్ని ఖండిస్తూ వ్యాసం రాశాడు. ఇంగ్లండులో మత సంస్కర్తల ఒత్తిడి పెరిగి, 1893లో రాయల్ కమిషన్ వేశారు. వందల మంది సాక్ష్యాలు విన్న కమిషన్ 1895లో తేల్చిందేమిటంటే, భారతదేశంలో నిషేధం అక్కర్లేదని. రాబడి పోతుందన్న దిగులు ఆ తీర్పు వెనక బలంగానే ఉంది.

గాలి మారడానికి మరో పుష్కరం పట్టింది. 1907లో చైనాతో ఒప్పందం కుదిరి, ఎగుమతులు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. 1909లో షాంఘైలో అంతర్జాతీయ కమిషన్ సమావేశమైంది. 1912లో హేగ్ ఒడంబడిక వచ్చింది. అప్పటికి నల్లమందు నుంచి పుట్టిన సరుకులు కూడా బజారులో ఉన్నాయి. మార్ఫిన్‌ను జర్మన్ ఔషధకారుడు సెర్ట్యూర్నర్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే వేరుచేశాడు. బేయర్ కంపెనీ 1898లో హెరాయిన్‌ను దగ్గు మందుగా అమ్మకానికి పెట్టింది. వాటి దెబ్బ తగిలాక ప్రపంచం భయపడింది. ఆ భయంలోంచే కొత్త చట్టాలు పుట్టాయి. మన దేశంలో 1930లో ప్రమాదకర ఔషధాల చట్టం వచ్చింది. ఐక్యరాజ్యసమితి 1961 ఒప్పందం తర్వాత, 1985లో మాదక ద్రవ్యాలు, మానసిక ప్రభావ పదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం వచ్చింది.

పంట మాత్రం ఆగలేదు. వైద్య, శాస్త్రీయ అవసరాలకు అనుమతి ఉంది కాబట్టి మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు రైతులు నేటికీ గసగసాలు వేస్తారు. నీమచ్, మంద్‌సౌర్ వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొలానికి వెళితే ఆ పని చూడొచ్చు. పూరేకులు రాలిన పచ్చికాయకు పదునైన మొనలున్న చిన్న పనిముట్టుతో నిలువుగా గాట్లు పెడతారు. పాలు కారి, రాత్రంతా గాలికి చిక్కబడి గోధుమరంగుకు తిరుగుతాయి. తెల్లారగానే ఆ జిగురును గీకి తీస్తారు. ఏ రోజు ఎంత వచ్చిందో లంబర్‌దారు అనే ఊరి ప్రతినిధి పుస్తకంలో రాస్తాడు. పొలాన్ని నార్కోటిక్స్ అధికారులు కొలుస్తారు. వచ్చిన నల్లమందు మొత్తం సర్కారుకే ఇవ్వాలి. నిర్ణయించిన దిగుబడి రాకపోతే మరుసటేడు గాట్లు పెట్టే లైసెన్సు దక్కకపోవచ్చు. ఘాజీపూర్, నీమచ్ ఫ్యాక్టరీలు ఆ సరుకును శుద్ధి చేస్తాయి. కంపెనీ కాలపు ఏర్పాటు ఛాయలు ఇందులో స్పష్టంగా ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు ఆ సరుకు చేరాల్సింది రోగి దగ్గరికి.

కాయ ఎండాక దొరికే గింజలే మన వంటింటి గసగసాలు. ఎన్‌డీపీఎస్ చట్టం వాటికి మినహాయింపు ఇచ్చింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అవే గింజలు నిషిద్ధం. కూరల్లోకని అమ్మ కట్టిచ్చిన పొట్లంతో దుబాయ్ విమానాశ్రయంలో దిగితే కేసు కావచ్చు. గల్ఫ్ బయల్దేరేవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పి పంపాలి.

1985 చట్టం అక్రమ రవాణాదారుల కోసం రాసింది. కానీ దాని దెబ్బ క్యాన్సర్ రోగుల మీద పడింది. పదేళ్ల కనీస శిక్ష, లక్ష రూపాయల జరిమానా, ఒక్క మార్ఫిన్ సరఫరాకే వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు. ఒకటి వచ్చేసరికి ఇంకోదాని గడువు తీరేది. లెక్కలో చిన్న తేడా వస్తే కేసవుతుందని ఆసుపత్రులు ఆ మందు పెట్టుకోవడమే మానేశాయి. వందల కిలోలుండే దేశ వార్షిక మార్ఫిన్ వాడకం 1997 నాటికి ఇరవై కిలోల లోపుకు పడిపోయింది. ప్రపంచానికి నల్లమందు ఎగుమతి చేసే దేశంలో, ఎముకల్లోకి పాకిన క్యాన్సర్‌తో విలవిల్లాడే మనిషికి చౌకగా దొరకాల్సిన మాత్ర దొరకలేదు. ఒక తరం వైద్యులు మార్ఫిన్ రాయడం నేర్చుకోకుండానే చదువు ముగించారు.

నొప్పి నివారణ వైద్యులు, న్యాయవాదులు ఏళ్ల తరబడి పోరాడాక 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అత్యావశ్యక మాదక ఔషధాలన్న వర్గం ఏర్పడింది. గుర్తింపు పొందిన వైద్యసంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఒక్కటి ఉంటే చాలన్నారు. కాగితం మీద అడ్డు తొలగింది. భయం మాత్రం ఇంకా ఆసుపత్రుల నుంచి పూర్తిగా పోలేదు.

నల్లమందు మనుషుల్ని బానిసల్ని చేస్తుంది, ఇళ్లు కూలుస్తుంది. అందుకే దానికి గట్టి చట్టం కావాలి, అందులో సందేహం లేదు. అయితే రెండు శతాబ్దాలకు పైగా చట్టం మొదట ఖజానాను చూసింది, తర్వాత నేరస్థుణ్ని చూసింది. నొప్పితో ఉన్న మనిషిని చూడటం మొదలుపెట్టి పట్టుమని పదిహేనేళ్లు కాలేదు. ఈ చూపు ఢిల్లీలో సవరణతో ఆగిపోకూడదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ మాత్రలు, వాటిని ధైర్యంగా, సరైన మోతాదులో రాయగల వైద్యుడు ఉన్న రోజునే ఆ చట్టం తన పని చేసినట్టు.