పాలు పడలేదన్న మాటలో నాలుగు వ్యాధులు

పసిబిడ్డకు తొలిసారి ఆవుపాలు పట్టిన తరువాత వాంతి అయినా, విరేచనాలు పట్టుకున్నా, ఒంటిపై దద్దుర్లు లేచినా మన పెద్దలు చెప్పే మాట ఒక్కటే: “బిడ్డకు పాలు పడలేదు.” గజపతినగరం, బొండపల్లి, మెంటాడ పల్లెలలోనే కాదు, తెలుగునాట ఎక్కడికి వెళ్ళినా ఈ మాట వినిపిస్తుంది. మాటలో తప్పేమీ లేదు. అయితే అందులో నాలుగు వేర్వేరు స్థితులు కలిసిపోయి ఉన్నాయి. పాలు కలుషితం కావడం ఒకటి. ఆవుపాల కూర్పు శిశువుకు భారం కావడం రెండవది. పాలలోని చక్కెర జీర్ణం కాకపోవడం మూడవది. పాలలోని మాంసకృత్తులపై శరీరమే తిరగబడడం నాలుగవది. వీటిని ఒకదాని నుండి మరొకటి విడదీసి గుర్తించడానికి వైద్యశాస్త్రానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ చరిత్ర తెలిసిన తల్లిదండ్రులకు ఎప్పుడు జాగ్రత్త పడాలో, ఎప్పుడు పాలు మాన్పించనక్కరలేదో కూడా తెలుస్తుంది.

మన ప్రాచీనులు తల్లిపాలకు సాటి వేరే లేదని ఎరిగినవారే. తల్లికి పాలు లేనప్పుడు దాదిని ఏర్పాటు చేసుకోవాలని ఆయుర్వేద గ్రంథాలు చెప్పాయి. వాగ్భటుడు అష్టాంగహృదయంలో తల్లిపాలకు బదులుగా మేకపాలనో, ఆవుపాలనో ఓషధులతో కలిపి ఇవ్వవచ్చునన్నాడు. ఆరవ నెలలో అన్నప్రాశన చేసే ఆచారం కూడా శిశువుకు ఇతర ఆహారం ఎప్పుడు మొదలుపెట్టాలన్న అనుభవం నుండి వచ్చినదే. నేటి శాస్త్రం చెప్పే గడువు కూడా ఆరు నెలలే కావడం గమనించదగినది.

పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా నగరాలలో పోతపాలతో పెరిగే శిశువులు పెద్ద సంఖ్యలో మరణించేవారు. 1838లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సైమన్ ఆవుపాలను, తల్లిపాలను విశ్లేషించి, ఆవుపాలలో మాంసకృత్తులు చాలా ఎక్కువని చూపాడు. తల్లిపాలలో అవి నూటికి ఒక వంతు మాత్రమే ఉండగా, ఆవుపాలలో మూడు వంతులకు పైగా ఉంటాయి. అందువల్ల పాలలో నీళ్ళు, చక్కెర కలిపి పట్టే పద్ధతులు వచ్చాయి. 1867లో హెన్రీ నెస్లే పిండి, పాలు కలిపిన శిశు ఆహారాన్ని స్విట్జర్లాండులో తయారుచేశాడు. 1886లో సాక్స్‌లెట్ శిశువుల పాలను వేడిచేసి క్రిములను నశింపజేయాలని బోధించాడు. పాలు కాచి పట్టడం వ్యాపించిన కొద్దీ విరేచనాల మరణాలు తగ్గాయి. మొదటి రెండు కారణాలు అలా వెలుగులోకి వచ్చాయి.

అయినప్పటికీ శుభ్రంగా కాచి, తగినట్లు కలిపి ఇచ్చిన పాలు తాగి కూడా కొందరు శిశువులు నిమిషాలలోనే నీరసించి పోయేవారు. 1905లో జర్మనీలో ఫింకెల్‌స్టైన్, ష్లాస్‌మన్ అనే శిశువైద్యులు అటువంటి తీవ్ర సందర్భాలను వర్ణించారు. అంతకుముందు 1902లో ఫ్రాన్సులో రిషే, పోర్టియే ఒక పదార్థానికి రెండవసారి గురైనపుడు శరీరం ప్రాణాంతకంగా ప్రతిస్పందించగలదని జంతువులలో నిరూపించారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. 1906లో వియన్నా శిశువైద్యుడు పిర్కే “అలర్జీ” అనే పదాన్ని సృష్టించాడు. ఈ తక్షణ ప్రతిచర్యకు మూలమైన ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని 1966లో ఇషిజాకా దంపతులు గుర్తించేవరకు దాని మర్మం పూర్తిగా తెలియలేదు.

ఇక పాలలోని చక్కెర సంగతి. దీనిని లాక్టోజ్ అంటారు. దానిని జీర్ణం చేసే లాక్టేజ్ అనే ఎంజైము వయసు పెరిగిన కొద్దీ మనలో చాలామందికి తగ్గిపోతుంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనాలయంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న సంస్థ ఈ విషయంపై పనిచేసింది. ఆ సంస్థకు చెందిన వినోదినీ రెడ్డి తన సహ పరిశోధకునితో కలిసి భారతీయులలో లాక్టేజ్ లోపంపై చేసిన అధ్యయనాన్ని 1972లో ప్రచురించారు. 1981లో వెలువడిన మరొక అధ్యయనంలో లాక్టోజ్ జీర్ణం కానివారు ఉత్తర భారతీయులలో నూటికి 27 మంది, దక్షిణ భారతీయులలో నూటికి 67 మంది అని తేలింది.

అయితే ఇది ప్రధానంగా పెద్దవారి సమస్య. ఆవుపాలలో కంటే తల్లిపాలలోనే లాక్టోజ్ ఎక్కువగా ఉంటుంది. తల్లిపాలు హాయిగా తాగుతున్న బిడ్డకు ఆవుపాలతో ఇబ్బంది వస్తే, సాధారణంగా దానికి కారణం లాక్టోజ్ కాదు. తీవ్రమైన విరేచనాల తరువాత కొద్దివారాల పాటు లాక్టోజ్ జీర్ణం కాకపోవడం మాత్రం పసివారిలో కనిపిస్తుంది. అది దానంతట అదే సర్దుకుంటుంది.

మన ప్రాంతంలో ప్రమాదం తెచ్చే పొరపాటు ఒకటుంది. ఆవుపాలు పడకపోతే గేదెపాలో, మేకపాలో పట్టమని ఇరుగుపొరుగువారు చెబుతారు. అలర్జీ కలిగించే కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే మాంసకృత్తులు ఈ మూడు పాలలోనూ దాదాపు ఒకే విధంగా ఉంటాయి. కాబట్టి ఆవుపాల అలర్జీ గల శిశువులలో అత్యధికులకు మేకపాలు కూడా పడవు. గేదెపాలు కూడా సురక్షితమని భావించరాదు. పాలలో నీళ్ళు కలిపితే మాంసకృత్తుల ప్రమాణం తగ్గుతుందే కాని అలర్జీ పోదు. పైగా బిడ్డకు పోషణ చాలదు.

లక్షణాలు కనిపించే సమయమే మంచి ఆనవాలు. పాలు తాగిన కొద్ది నిమిషాల నుండి రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, పిల్లికూతలు కనిపిస్తే తక్షణ అలర్జీని అనుమానించాలి. ఊపిరి ఆడకపోవడం, ఒళ్ళు పాలిపోయి బిడ్డ వాలిపోవడం జరిగితే ఒక్క క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కొన్ని గంటల నుండి కొన్ని రోజుల తరువాత మలంలో రక్తం, వదలని విరేచనాలు, బరువు పెరగకపోవడం కనిపిస్తే అది నెమ్మదిగా వచ్చే రకం. 1963లో అమెరికా వైద్యుడు గోల్డ్‌మన్ నిర్ధారణకు సూత్రం చెప్పాడు: పాలు మానితే లక్షణాలు పోవాలి, తిరిగి ఇస్తే రావాలి. ఆయన మూడుసార్లు పరీక్షించాలన్నాడు. నేడు వైద్యుని పర్యవేక్షణలో ఒక్కసారి చాలునంటున్నారు. తక్షణ ప్రతిచర్య వచ్చిన బిడ్డకు ఇంట్లో మళ్ళీ పాలు పట్టి చూడడం ఎంతమాత్రం తగదు.

ఇటువంటి నిజమైన అలర్జీ శిశువులలో నూటికి ఇద్దరు ముగ్గురికి మించదు. వారిలో కూడా ఎక్కువమందికి కొన్నేళ్ళలో తగ్గిపోతుంది. కనుక ఒక్కసారి వాంతి అయిందని సంవత్సరాల తరబడి పాలు, పెరుగు మాన్పించడం కూడా హానికరమే. నిర్ధారణ అయినవారికి మాత్రం పాలు మానినందువల్ల లోటు రాకుండా చూడాలి. ఆరు నెలలు నిండిన బిడ్డకు మన చోళ్ళ జావ అందుకు ఎంతో తోడ్పడుతుంది. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అయితే జావ ఒక్కటే పాలకు బదులు కాదు. తల్లిపాలు కొనసాగించాలి. అవి లేనప్పుడు ఏ ప్రత్యేక పాలపొడి ఇవ్వాలో వైద్యుడే చెప్పాలి.

మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలు. ఏడాది నిండేవరకు ఆవుపాలను ప్రధాన ఆహారంగా ఇవ్వరాదు. అలా ఇస్తే పేగులలో కొద్దికొద్దిగా రక్తం పోయి, రక్తహీనత వచ్చే అవకాశముంది. పాలడబ్బాల ప్రకటనలను నిషేధిస్తూ 1992లో మన దేశం చట్టం చేసింది కూడా తల్లిపాలను కాపాడుకోవడానికే. ఇకమీదట మీ ఇంట ఎవరైనా “పాలు పడలేదు” అంటే, ఏ పాలు, ఎంత పట్టారు, ఎంతసేపటికి ఏమైంది అని అడిగి ఒక కాగితంపై రాసుకోండి. వైద్యునికి ఆ కాగితమే అన్నిటికన్నా ఎక్కువగా ఉపకరిస్తుంది.