ప్రేక్షకుల తలసరి జీతభారం: ఉత్తర అమెరికా మహిళల ఐస్ హాకీ లీగుల జమాఖర్చు (2007–2025)

హాకీ అనగానే మనకు మైదానం, వంపు కర్ర, ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. కెనడాలో అదే మాట అంటే మంచు గుర్తొస్తుంది. ఈ వ్యాసం ఆ మంచు మీది ఆటను వృత్తిగా చేసుకున్న స్త్రీల గురించి, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే వారి జీతాలు ఎవరి జేబులోంచి వచ్చాయన్న దాని గురించి. మన మైదానపు హాకీ చివర్లో పోలిక కోసం మాత్రమే వస్తుంది.

‘ఆడవాళ్ల హాకీకి గిరాకీ లేదు, అందుకే లీగులు నిలవవు’ అన్నది 2019 నాటికి దాదాపు స్థిరపడిపోయిన అభిప్రాయం. మూతపడిన లీగులనే దానికి రుజువుగా చూపేవారు. నా పరిశీలనలో తేలింది వేరు. ఆ లీగులు గిరాకీ ఎంతో కొలిచే దాకా బతకలేదు. వాటికి కొరవడింది పెట్టుబడి. ఇప్పుడున్న లీగ్ గిరాకీని రుజువు చేసింది, లాభాన్ని మాత్రం ఇంకా రుజువు చేయలేదు. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే చర్చంతా దారి తప్పుతోంది.

జీతం లేని పదేళ్లు

2007లో మొదలైన కెనడియన్ ఉమెన్స్ హాకీ లీగ్ లాభాపేక్ష లేని సంస్థ. తొలి పదేళ్లు అందులో ఆడినవారికి జీతమన్నదే లేదు. ఒలింపిక్ పతకం గెలిచినవారు సైతం పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి పూట సాధనకు వెళ్లి, శని ఆదివారాల్లో మ్యాచ్‌లు ఆడేవారు. 2017లో చైనా నుంచి రెండు జట్లు చేరాయి. అదే సీజన్ నుంచి ఒక్కొక్కరికి 2 వేల నుంచి 10 వేల డాలర్ల దాకా భత్యం ఇవ్వడం మొదలైంది. అది నెలకు కాదు, సీజన్ మొత్తానికి. 2019 మార్చి 24న లీగ్ విజేతకిచ్చే క్లార్క్‌సన్ కప్ ఫైనల్‌లో క్యాల్గరీ జట్టు గెలిచింది. సరిగ్గా వారానికి, మార్చి 31న, లీగ్ మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఈ పద్ధతిలో ఆర్థికంగా నెట్టుకురాలేమన్నది వాళ్లు చెప్పిన కారణం.

సరిహద్దుకు అవతల, అమెరికాలో, డానీ రైలన్ 2015లో నాలుగు జట్లతో నేషనల్ ఉమెన్స్ హాకీ లీగ్ ప్రారంభించారు. ఉత్తర అమెరికాలో క్రీడాకారిణులకు జీతమిచ్చిన తొలి మహిళల హాకీ లీగ్ ఇదే. కనీస జీతం 10 వేల డాలర్లు, జట్టుకు జీతాల పరిమితి 2.7 లక్షల డాలర్లు. రెండో సీజన్ మధ్యలో, 2016 నవంబర్‌లో, ఆ జీతాలకు కోత పడింది.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. తొలి ఏడాది ఒక్కో జట్టు 18 మ్యాచ్‌లు ఆడింది, అంటే సొంతగడ్డ మీద 9. పరిమితి మేరకు జీతాలిస్తే ఒక్కో సొంత మ్యాచ్ మీద పడే భారం 30 వేల డాలర్లు. మ్యాచ్‌కు వెయ్యి మంది వచ్చారనుకున్నా తలకు 30 డాలర్లు జీతాలకే పోతాయి. హాలు అద్దె, బస్సులు, బీమా అందులో లేవు. ఇలాంటి సంస్థ నిలవాలంటే ఒకటే దారి: మొదటి కొన్నేళ్లు నష్టాన్ని భరించే మనిషి కావాలి. ఆ మనిషి దొరకలేదు.

2019 మేలో రెండొందల మందికి పైగా క్రీడాకారిణులు ఉత్తర అమెరికాలోని ఏ లీగ్‌లోనూ ఆడబోమని ప్రకటించి, తమ సంఘం పెట్టుకున్నారు. ఉన్న లీగ్‌ను కాదని ఖాళీగా కూర్చోవడం అప్పట్లో కొందరికి అహంకారంలా కనిపించింది. నాకైతే అది వ్యాపారం తెలిసిన నిర్ణయంలా కనిపిస్తుంది. అరకొర జీతానికి ఆడుతూ పోతే, ఆట విలువ అంతేనని ఒప్పుకున్నట్టే కదా.

ఈలోగా రైలన్ ప్రారంభించిన లీగ్ ‘ప్రీమియర్ హాకీ ఫెడరేషన్’గా పేరు మార్చుకుంది. జీతాల పరిమితి 1.5 లక్షల నుంచి 3 లక్షలకు, 7.5 లక్షలకు ఎగబాకింది. 2023–24కు 15 లక్షలు ఇస్తామన్నారు. ప్రేక్షకులు పదింతలు పెరిగారా అంటే లేదు. మూడేళ్లలో 2.5 కోట్ల డాలర్లు పెడతామని యజమానులు 2022లో మాటిచ్చారు, పెరుగుదల అంతా ఆ డబ్బుదే. 2023 జూన్ చివర్లో పెట్టుబడిదారు మార్క్ వాల్టర్ బృందం, టెన్నిస్ దిగ్గజం బిల్లీ జీన్ కింగ్ సంస్థ కలిసి ఆ లీగ్‌ను కొని మూసేశాయి. కుదిరిన కాంట్రాక్టులు రద్దయ్యాయి. డారిల్ వాట్స్ అనే క్రీడాకారిణికి రాబోయే సీజన్‌కు 1.5 లక్షల డాలర్ల ఒప్పందం ఉండేది. అదీ పోయింది.

కొత్త లీగ్ లెక్క

2024 జనవరి 1న టొరంటోలో ప్రొఫెషనల్ ఉమెన్స్ హాకీ లీగ్ (పీడబ్ల్యూహెచ్‌ఎల్) తొలి మ్యాచ్ జరిగింది. అంతకు చాలా ముందే, 2023 వేసవిలోనే, క్రీడాకారిణుల యూనియన్‌తో ఎనిమిదేళ్ల ఒప్పందం అయిపోయింది. మ్యాచ్ కన్నా ముందు వేతన ఒప్పందం కుదరడం ఈ ఆట చరిత్రలో కొత్త. కనీస జీతం 35 వేల డాలర్లు. ప్రతి జట్టులో కనీసం ఆరుగురికి 80 వేలకు తగ్గకుండా మూడేళ్ల కాంట్రాక్టు. జట్టు సగటు 55 వేలు, ఏటా 3 శాతం పెంపు.

జట్టుకు 23 మంది చొప్పున ఆరు జట్లకు తొలి ఏడాది జీతాలు 75.9 లక్షల డాలర్లు. 72 లీగ్ మ్యాచ్‌లకు పంచితే మ్యాచ్‌కు సుమారు 1.05 లక్షలు. ఆ ఏడాది మ్యాచ్‌కు సగటున 5,448 మంది వచ్చారు. అంటే ప్రేక్షకుల తలసరి జీతభారం 19 డాలర్ల 35 సెంట్లు. రెండో ఏడాది మ్యాచ్‌లు 90కి పెరిగాయి, సగటు ప్రేక్షకులు 7,230కి చేరారు, జీతాలు 3 శాతమే పెరిగాయి. తలసరి భారం 12 డాలర్లకు దిగింది. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో అతి ముఖ్యమైన అంకె ఇదే. టికెట్ల డబ్బు జీతాలను మోయగల స్థితి వచ్చిందని ఇది సూచిస్తోంది.

అయితే దీన్ని లాభంగా చదవకూడదు. హాళ్ల అద్దె, విమానాలు, కోచ్‌లు, వైద్యులు, సిబ్బంది, యూట్యూబ్‌లో ఉచితంగా చూపిన మ్యాచ్‌ల చిత్రీకరణ, ఇవన్నీ ఈ లెక్క బయట ఉన్నాయి. లీగ్ ప్రైవేటు ఆస్తి కాబట్టి దాని జమాఖర్చులు బహిరంగం కావు.

సగటులో మరో మెలిక ఉంది. రెండో ఏడాది జట్లు లేని నగరాల్లో తొమ్మిది మ్యాచ్‌లు ఆడించారు. వాంకూవర్‌లో ఒక్క మ్యాచ్‌కు 19,038 మంది వచ్చారు. అందులో కొత్త మోజు ఎంత, నిలకడ ఎంత అన్నది చూడాలి. వాంకూవర్, సియాటిల్ నగరాలకు 2025లో సొంత జట్లు ఇచ్చారు. ఏటా ఒకసారి వచ్చే పండగ, నెలకు రెండుసార్లు వచ్చే మ్యాచ్ ఒకటి కాదు.

దీనికి ఎదురు వాదన మాంట్రియల్ చెబుతుంది. అక్కడి జట్టు తొలి ఏడాది ఎక్కువగా ఆడింది వెర్డన్ ఆడిటోరియంలో. పట్టుమని మూడు వేల పైచిలుకు కుర్చీలున్న పాత హాలది. 2024 ఏప్రిల్ 20న టొరంటోతో మ్యాచ్‌ను ఊళ్లోని పెద్ద హాలు బెల్ సెంటర్‌కు మార్చారు. జట్టు అదే, ఊరు అదే, ఆట అదే. వచ్చినవారు 21,105 మంది. టొరంటోలోనూ ఇంతే: తొలి మ్యాచ్ జరిగిన హాల్లో రెండున్నర వేల పైచిలుకు మందికి మించి పట్టరు, ఫిబ్రవరిలో స్కోషియాబ్యాంక్ అరీనాకు మారిస్తే 19,285 మంది వచ్చారు. చిన్న పాత్రతో కొలిచి నీళ్లు తక్కువున్నాయన్నట్టుంది ఇన్నేళ్ల లెక్క. రెండో ఏడాదికి ఈ రెండు జట్లూ పెద్ద హాళ్లకు మారిపోయాయి.

ఒకే యజమాని

జట్లన్నీ వాల్టర్ బృందానివే. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమాని ఆయన. ఒకే చేతిలో ఉండడం వల్ల జట్లు ఒకదానిపై ఒకటి పాట పెంచి దివాలా తీసే ముప్పు లేదు. బలహీనమైన ఊరి నష్టాన్ని బలమైన ఊరు పూడుస్తుంది. కానీ క్రీడాకారిణికి మరో బేరం లేదు. ఆ ఒక్క యజమానికి మనసు మారితే మొత్తం ఒకేసారి ఆగుతుంది. 2023లో పాత లీగ్‌ను కొన్నవారు మూసేసినప్పుడూ మొత్తం అలాగే ఒకేసారి ఆగింది.

అమెరికా మహిళల ఫుట్‌బాల్ మరో దారిలో వెళ్లింది. 2001లో మొదలైన తొలి లీగ్ మూడు సీజన్లలో దాదాపు పది కోట్ల డాలర్లు పోగొట్టుకుని మూతపడింది. రెండోది 2012లో పోయింది. 2013లో వచ్చిన మూడోది నిలిచింది. అందులోని ఏంజెల్ సిటీ జట్టు 2024లో 25 కోట్ల డాలర్ల విలువకు చేతులు మారింది. అక్కడ యజమానులు డబ్బు చేసుకుంటున్నది జట్టు ధర పెరగడం ద్వారా, టికెట్ల ద్వారా అంతగా కాదు. ఒకే యజమాని ఉన్న హాకీ లీగ్‌కు ఆ దారి ఇంకా మూసే ఉంది. బయటివారికి జట్లు అమ్మేదాకా వాటి ధర ఎంతో ఎవరికీ తెలియదు.

ఇక పోలిక కోసం మైదానపు హాకీ. మన దేశంలో మహిళల హాకీ ఇండియా లీగ్ 2025 జనవరిలో నాలుగు జట్లతో మొదలైంది. వేలంలో జట్టు ఖర్చు పరిమితి 2 కోట్ల రూపాయలు, పురుషుల జట్టుకు 4 కోట్లు. అత్యధికంగా ఉదితా దుహాన్‌కు 32 లక్షలు పలికింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి జాతీయ జట్టు గోల్‌కీపర్‌గా ఎదిగిన రజని ఎతిమరపు, నిజామాబాద్ నుంచి ఎదిగిన యెండల సౌందర్య తరానికి ఈ లీగ్ ఆలస్యంగా వచ్చింది. అయినా ఒక తేడా గమనించాలి. ఇక్కడ మహిళల హాకీని ఇన్నేళ్లు పోషించింది టికెట్లు కావు, రైల్వే ఉద్యోగాలు. లీగ్ మూతపడినా ఉద్యోగమున్న అమ్మాయికి ఒకటో తారీఖున జీతం పడుతుంది. టొరంటోలో, మాంట్రియల్‌లో అలాంటి ఆసరా లేదు. అక్కడ వారి చేతిలో ఉన్నది యూనియన్ ఒప్పందం ఒక్కటే. దాని గడువు 2031 జులై 31.