గిన్నెప్ప, టమాట, బీడీల చాట

మన వంటిళ్లలో ఓవెన్ లేదు కాబట్టి మనకు మూసిపెట్టి కాల్చే వంటల సంప్రదాయమే లేదని అనుకోవడం ఒక అలవాటైపోయింది. బేకింగ్ అంటే కేకు, బ్రెడ్డు, పఫ్. బేకరీలో మగవాళ్లు చేస్తారు, మనం కొనుక్కుని తింటాం. ఈ మాటతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఏ ఇంటికి పోయినా అడుగు మందంగా, లోపల గుండ్రంగా, నూనె పట్టి నల్లబడ్డ గిన్నె ఒకటి కనిపిస్తుంది. అందులో వేరే కూర వండనివ్వరు. అది గిన్నెప్ప గిన్నె. వరంగల్ వైపు దీన్నే ఎక్కువగా సర్వపిండి అంటారు, కోస్తాలో దీని చుట్టం తపాలచెక్క. మూడు పేర్లలోనూ పాత్ర పేరే ఉండటం గమనించండి. అప్పను కాల్చేది ఆ పాత్రే!

బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు కలిపి ముద్ద చేసి, నూనె రాసిన గిన్నె లోపలి గోడలకంటా వేళ్లతో పలచగా అద్దుతారు. అక్కడక్కడా వేలితో చిల్లులు పెట్టి వాటిలో చుక్క చుక్క నూనె వేస్తారు. మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తారు. కిందినుంచి లోహం వేడి, పైన మూత కింద తిరిగే ఆవిరి. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైభాగం మెత్తగా ఉంటుంది. ఓవెన్ చేసే పని ఇంతకన్నా వేరే ఏముంది?

ఈమధ్య మా ఇంట్లోకి చిన్న కరెంటు ఓవెన్ వచ్చాక ఫ్రెంచివాళ్ల ఉప్పు టార్ట్ చేయడం మొదలుపెట్టాను. మైదాలో చల్లటి వెన్న నలిపి, కొద్ది నీళ్లతో ముద్ద చేసి, పళ్లెంలో పరిచి, ఆవపిండి ముద్ద రాసి, పైన టమాట చక్రాలు పేర్చి కాల్చాలి. టమాట నీరు పిండిలోకి దిగితే అడుగు పచ్చిగా, జావగా మిగులుతుంది. అందుకే ముక్కలకు ఉప్పు రాసి అరగంట ఉంచి ఆ నీరు ఒంపేస్తారు. ఖాళీ పిండిని ముందే కొంచెం కాల్చుకునేవాళ్లూ ఉన్నారు. ఇదంతా చేస్తుంటే నాకు గుర్తుకొచ్చింది మా అవ్వ (అమ్మను మేం అట్లనే పిలుస్తాం) చేసే టమాట గిన్నెప్ప. ఆమె ఆ నీరు పారబోయదు. టమాటలు పిసికి, ఆ రసంతోనే పిండి కలుపుతుంది. "నీళ్లెందుకు పోస్తవ్ బిడ్డా, పండ్లనే ఉన్నయి గద" అనేది. మైదాకు శత్రువైన నీరే బియ్యప్పిండికి పులుపై, మెత్తదనమై పనికొస్తుంది. ఒక వంట పారబోసిన దాంతో ఇంకో వంట బతుకుతున్నదన్నమాట.

టమాట మనది కాదని అందరికీ తెలుసు. దక్షిణ అమెరికాలో పుట్టి, మెక్సికోలో పంటై, స్పెయిన్‌వాళ్ల వెంట యూరప్‌కు చేరింది. అక్కడ చాలాకాలం దాన్ని విషమని అనుమానించినవాళ్లు కూడా ఉన్నారు. మన దేశానికి పోర్చుగీసువాళ్ల ద్వారా వచ్చిందంటారు. కోస్తాలో పాతవాళ్లు రామములక్కాయ అని తెలుగు పేరు పెట్టుకున్నారు, మావైపు నేరుగా టమాట అన్నారు. మిరపకాయ, పల్లీ కూడా అమెరికా ఖండం నుంచే వచ్చాయి. ఆ లెక్కన గిన్నెప్పలో అనాదిగా ఉన్నవి బియ్యం, నువ్వులు, శనగపప్పు లాంటివే. 'మన ప్రాచీన వంట' అని ఛాతీ విరిచేవాళ్లు ఒకసారి ఆ గిన్నెలోకి తొంగిచూస్తే మంచిది.

నిజానికి బియ్యం సంగతీ అంత సూటిగా లేదు. వర్షాధారపు కరీంనగర్ పల్లెల్లో పేదింటి రోజువారీ తిండి జొన్న, మక్క. వరన్నం పండుగ నాటి మాట. కాబట్టి బియ్యప్పిండి గిన్నెప్ప అందరికీ ఎప్పుడూ దొరికిందనుకోవద్దు. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ నీళ్లు జగిత్యాల వైపు వచ్చాక, 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక, పిండి చేసుకోవడానికి బియ్యం మిగలడం అనేది మామూలు ఇళ్లలోకి వచ్చింది. కంట్రోలు బియ్యం అన్నానికి బాగుండవని సణిగిన ఆడవాళ్లే వాటిని పిండి పట్టించి అప్పలు చేశారు. వంటల చరిత్ర రాసేవాళ్లు రాజుల భోజనాల గురించి రాస్తారు గానీ రేషను షాపు గురించి ఎందుకు రాయరో!

అంతకుముందు పిండి ఎవరిది, గిన్నె ఎవరిది అన్న ప్రశ్న కూడా ఉంది. ఫ్రాన్సులో భూస్వామ్య కాలమంతా చాలా ఊళ్లలో పొయ్యి దొరదే. జనం తమ పిండిముద్దను ఆయన పొయ్యిలోనే కాల్చుకుని, అందుకు పన్ను కట్టాలి. ఇంట్లో సొంతంగా కాల్చుకోవడం నేరం. విప్లవం వచ్చి ఆ హక్కులు రద్దు చేసేదాకా అదే నడిచింది. మా తాలూకాల్లో దొరలు పొయ్యి మీద పన్ను వేయలేదు, మనుషుల్నే తీసుకున్నారు. గడీలో వడ్లు దంచడం, పిండి విసరడం ఆడవాళ్లకు వెట్టి. కుమ్మరి ఇంటి కుండలూ దొరకు వెట్టే. తన ఇంటి పిండి విసురుకోవడానికి ఆమెకు మిగిలింది రాత్రి మాత్రమే. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు జనం కదిలినప్పుడు పోరాటపు లెక్కల్లో భూమి, కూలి, వెట్టి ఉన్నాయి. అదే ఏడాది అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. విసుర్రాయి రాత్రినుంచి పగటికి మారిందా లేదా అన్నది మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీలను స్త్రీ శక్తి సంఘటన వెతికి మాట్లాడించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినట్టు, వంటిల్లును అడిగేవాళ్లు కూడా కావాలి.

నేను అడిగినంతలో తేలింది ఇది: గిన్నెప్ప ఈ మూడు ఊళ్లలో ఇంతగా నిలబడటానికి రుచి ఒక్కటే కారణం కాదు, బీడీ కూడా కారణం. రొట్టె చేస్తే పొయ్యి దగ్గరే నిలబడాలి. దోసె కూడా అంతే. గిన్నెప్ప అట్లా కాదు. అద్ది, మూతపెట్టి, వచ్చి మళ్లీ చాట ఒళ్లో పెట్టుకోవచ్చు. పావుగంట, ఇరవై నిమిషాలు దాని మానాన అది కాలుతుంది. అయిందో లేదో వాసనే చెబుతుంది. ఈలోపు అవ్వ చేతిలో రెండు కట్టలు పూర్తయ్యేవి. కట్టకు ఇరవై అయిదు బీడీలు. తునికాకు రాత్రి తడిపి, తడిగుడ్డలో చుట్టి, రేకు కొలతకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, మూతి మలిచి... కంపెనీ లెక్క మాత్రం వెయ్యి బీడీలకే. ఆకు తడిపిన గంటకు, కత్తిరించిన పిల్లకు కూలి లేదు. 1966 చట్టం ఇంట్లో బీడీలు చేసే ఆమెను కూడా కార్మికురాలిగానే గుర్తించింది. తీసేసిన బీడీలు నష్టం కింద ఎవరికి పడతాయన్నది మాత్రం గుమస్తా చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడే నాకు ఇబ్బంది. మూత పెట్టి వదిలేసే వంట ఆడదానికి తీరిక ఇచ్చిందని సంబరపడాలా? ఆ ఇరవై నిమిషాలు ఆమెకు మిగల్లేదు, కంపెనీకి వెళ్లాయి. టార్ట్‌ను ఓవెన్‌లో పెట్టి నేను నవల చదువుకుంటాను. అవ్వ గిన్నె పొయ్యి మీద పెట్టి యాభై బీడీలు చుట్టేది. వంట పద్ధతి ఒకటే, ఆ సమయం ఎవరిదన్నదే తేడా.

సిరిసిల్లలో ఇదింకా కనిపిస్తుంది. మగవాళ్లు మరమగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల మీద. కరెంటు పోతే సాంచా ఆగుతుంది, బీడీ ఆగదు. నేత సంక్షోభంలో ఆత్మహత్యలు జరిగిన ఏళ్లలో ఎన్ని ఇళ్లు ఆ బీడీ డబ్బు మీద నడిచాయో! తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల జీవనభృతి మొదలైంది, 2019లో 2016 రూపాయలైంది. మొదట్లో పి.ఎఫ్. నంబరు లేనివాళ్లు దాని బయటే ఉండిపోయారు. ఒకే నంబరు మీద అత్త, కోడలు ఇద్దరూ చేసే ఇళ్లలో కోడలి చేతుల్ని ఎవరు లెక్కపెడతారు?

పొయ్యి కూడా మారింది. 1999లో దీపం పథకంతో గ్యాసు వచ్చిన ఇళ్లలో సెగ తగ్గించడం సులువైంది. గిన్నెప్పకు కావలసింది అదే. కట్టెల పొయ్యి మీదైతే మంట తీసి నిప్పుల మీద చేయాలి, ఆ పొగ తంబాకు దుమ్ముతో కలిసి ఊపిరితిత్తుల్లోకే. ఒకటి దించాక గిన్నె చల్లారితేగాని రెండోది అద్దడం కుదరదు. అందుకే అడుగుమీద చల్లనీళ్లు పోస్తారు, లేదా రెండు మూడు గిన్నెలు పెట్టుకుంటారు.

కోరుట్ల, జగిత్యాలల నుంచి గల్ఫ్‌కు, సిరిసిల్ల నుంచి భీవండికి పోయేవాళ్ల సంచిలో సకినాలు, తొక్కులు ఉంటాయి. మామూలు గిన్నెప్ప రెండు రోజులు ఆగుతుంది కాబట్టి బస్సుదాకా, రైలుదాకా తోడొస్తుంది. టమాటది ఆగదు. తడి ఎక్కువ, మర్నాటికి పులిసిపోతుంది. అందుకే అది ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. దుబాయి పోయిన మా చిన్నాయనకు దాని సంగతే తెలియదు. మగవాళ్లు పోయాక మిగిలిన ఇంట్లో అత్త, కోడలు, ఆడపిల్లలు మెత్తబడ్డ టమాటలతో చేసుకుని తిన్న వంట అది. కిలో టమాట మార్కెట్లో చౌకైన రోజుల్లో వారానికి రెండుసార్లు, 2023 జూలైలో లాగా వంద దాటినప్పుడు అసలే లేదు.

ఇప్పుడు హైదరాబాద్ పిండివంటల దుకాణాల్లో సర్వపిండి దొరుకుతుంది. టమాటది ఉందా అని ఒకచోట అడిగాను. కౌంటర్ వెనక ఉన్నామె నవ్వి, "అది అమ్మేది కాదక్కా, ఇంట్ల తినేది" అంది. ఆమెది కోరుట్ల పక్క పల్లెట. టమాట రసంలో ఉల్లిగడ్డ వేయొద్దని, చెంచాడు శనగపిండి ఎక్కువ కలపమని, మూత మీద తడిగుడ్డ వేయమని చెప్పింది. తడిగుడ్డ సంగతి మా అవ్వకు కూడా తెలియదు.